ఎండ ఎక్కని జాడీ

"అన్నయ్యా! నన్నొదిలేసి ఎలా పోయావు అన్నయ్యా!"

గేటు బయట ఏడుపు మొదలైంది. నల్ల గౌను, నల్ల మేజోళ్లు, నల్ల సంచి. ముక్కొక్కటే ఎర్రగా ఉంది. పిల్సున్ రెండు చేతులా గేటు పట్టుకుని ఊపేస్తోంది. అన్నయ్య సంగతి ఎలా ఉన్నా, ఇంకో నాలుగు ఊపులు ఊపితే గేటు పోవడం మాత్రం ఖాయం.

తలుపు తీసినవాడు అన్నయ్యే.

దాల్సు చేతిలో కల్గుక్సు గిన్నె ఉంది. సేమ్యా పోగులు సగం నోట్లో ఉన్నాయి, సగం గడ్డం మీద వేలాడుతున్నాయి. చెల్లెల్ని కింది నుంచి పైదాకా చూశాడు. వేలాడేవి పీల్చి మింగాడు.

"ఎవరు పోయారే?"

పిల్సున్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఏడుపు లోపలికి పోలేదు, బయటికి రాలేదు. గేటు దగ్గరే చతికిలబడింది.

"నువ్వే! నువ్వే పోయావు! వదిన ఫోన్ చేసింది. బస్సులో ఉన్నాను, గోల గోలగా ఉంది. 'మన పెద్దాయన పోయాడు' అంది!"

"'మన పెద్దది పోయింది' అన్నాను." మెట్ల మీద నుంచి ఒక్బున్ గొంతు. ఆ గొంతులో తడి లేదు. "పెద్దది. పెద్దజాడీ."

"జాడీయా?"

"తోడు ఉన్న జాడీ."

పిల్సున్ హమ్మయ్య అనుకుంది. అనుకున్న మరుక్షణం గుండెలు బాదుకుంది. "అయ్యో! అది ఇంకా ఘోరం కదా వదినా!"

"నాకన్నా జాడీకే రెండు శ్రుతులు పైకెత్తింది" అని దాల్సు గోడతో చెప్పుకున్నాడు. గిన్నె పట్టుకునే మెట్ల వైపు నడిచాడు.

పెద్దజాడీ పోవడమంటే ఏమిటో దేజన్ ఊళ్లో ఆ వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. ఏటా కొత్తగా దించిన సోయా సాస్‌లో, పాలకు తోడు పెట్టినట్టు, ఆ జాడీలోని పాతది గరిటెడు కలుపుతారు. కొత్తదాంట్లోంచి తీసి జాడీని మళ్లీ నింపుతారు. అలా ఆ తోడు ఒక్బున్‌కు అత్తగారి నుంచి వచ్చింది, ఆవిడకు వాళ్ల అత్తగారి నుంచి. పెళ్లినాడు ఒక్బున్‌కు దాల్సు మొగుడుగా దొరికాడే గాని, తోడుగా దొరికింది ఆ జాడీయే. ఈ మాట ఆవిడ దాల్సు ముందరే అంటుంది. దాల్సు కూడా కాదనడు.

డాబా మీద ఎండ పెళపెళలాడుతోంది. ఒక పక్క జాడీలు, పెద్దజాడీ ముందు, పిల్లజాడీలు వెనక. ఇంకో పక్క తెల్లటి పలకలు, వరసగా ఇనుప చట్రానికి మరలతో బిగించినవి. జాడీలు అత్తవి. పలకలు కోడలివి. మధ్యలో బట్టలారేసే తీగ. ఇంతకాలం ఆ తీగే సరిహద్దు.

కోడలు నారే తీగకు అవతల నిలబడి ఉంది. పొద్దుటి నుంచి కూర్చోలేదు.

మొగుడు ఇన్‌గ్యు తీగ కిందే నిలబడ్డాడు. ఎటువైపు జరిగినా ఎవరో ఒకరి వైపు జరిగినట్టవుతుంది.

"చూడు" అంది ఒక్బున్.

పిల్సున్ వంగి చూసింది. మూత తీసిన జాడీలోకి తొంగి చూసి మూతి తిప్పేసుకుంది. నల్లగా, ముఖం చూసుకునేలా ఉండాల్సిన సాస్ మీద తెల్లటి తెట్టు కట్టింది, ముసలి చర్మంలా ముడతలు ముడతలుగా. వాసన చెప్పడానికి లేదు.

"వానాకాలమంతా మూత తియ్యలేదు. ఇవాళ పొద్దున తీశాను." ఒక్బున్ ఊపిరి పీల్చుకుంది. "పిల్లజాడీలన్నీ బాగున్నాయి. ఇదొక్కటే. ఇదొక్కటే ఎందుకు పోయింది? ఈ పలకలకు దగ్గరగా ఉన్నది ఇదొక్కటే గనక."

"అత్తయ్యా, పలకలకూ దీనికీ ఏం సంబంధం?"

"నువ్వే కదే చెప్పావు! ఎండ పడితే ఇవి చల్లబడతాయని."

చెప్పింది నారేనే. పరిశోధనాలయంలో ఆమె చేసేది అదే. ఒక పూత. పలకల మీదున్నది అదే. దాన్ని ఇంటి కప్పుకు పూస్తే పడ్డ ఎండను పడ్డట్టే పైకి పంపేస్తుంది. ఇంట్లోని వేడిని కూడా లాగి ఆకాశంలోకి వదిలేస్తుంది. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. మొగుడేమో ఏసీలు బిగించే దుకాణం పెట్టుకున్నాడు. పెళ్లామేమో ఏసీల అవసరమే లేకుండా చేస్తానంటోంది. ఒకే దుప్పటి కింద పడుకుంటూ ఇద్దరూ ఒకే వేడితో చెరోదారిన పోట్లాడుతున్నారు.

"ఇవి ఎండను తినవత్తయ్యా. వెనక్కి పంపుతాయి."

"ఎవరి ఎండను? నా జాడీకి రావాల్సిన ఎండను! పక్కనున్నదాన్ని వచ్చినట్టే తరిమేస్తుంటే, ఇక్కడికి ఇంకేం వస్తుంది?"

"మీ జాడీ మీద పడే ఎండ వేరు, పలకల మీద పడే ఎండ వేరు."

"సూర్యుడొక్కడే కదే అమ్మాయ్!" పిల్సున్ అందుకుంది. "ఎండ వేరువేరు ఎలా అయింది? మీరేమన్నా వాటాలేసుకున్నారా?"

నారే నవ్వలేదు. ఇంకో రోజైతే నవ్వేది.

ఇన్‌గ్యు నీళ్లు నమిలాడు, ఏసీ గొట్టంలోంచి కారినట్టు చుక్కా చుక్కా. "అంటే... అమ్మా... ఒక పని చేస్తే... పలకల్ని కొంచెం అటు..."

"కొంచెం కూడా కదపకూడదు" అంది నారే. "మీకు తెలుసు."

అతనికి తెలుసు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పరీక్ష పూర్తవ్వాలంటే ఏడాది పొడుగునా, అన్ని ఋతువుల్లోనూ, పలకలు ఉన్నచోట ఉన్నట్టే ఉండాలి. చలి దాటింది, వసంతం దాటింది, వాన దాటింది. ఆకులు రాలే కాలం ఒక్కటే మిగిలింది. ఇప్పుడు కదిపితే దాటినవన్నీ నీళ్లపాలు. మళ్లీ మొదలుపెట్టడానికి నారే ఉద్యోగానికి ఇంకో ఏడాది ఆయుష్షు లేదు. ఈ పూత గట్టెక్కితేనే ఆమె గట్టెక్కుతుంది.

"చీకటి పడేలోగా," ఒక్బున్ నిదానంగా అంది, "ఆ పలకలు ఈ డాబా మీద ఉండకూడదు."

దాల్సు మెట్ల పైన కూర్చున్నాడు. అతను సేమ్యా పీల్చిన చప్పుడు కూడా ఆగింది. పలకలకు పలుకు లేదు. ఉన్నవాళ్లకు పెగల్లేదు.

"ఇంకో రెండు నెలలు అత్తయ్యా. నేను..."

"మా అత్తగారు ఇది నా చేతిలో పెట్టినప్పుడు నెలలు చెప్పలేదు."

నారే తల వంచుకుంది. ఎత్తినప్పుడు ఆమె ముఖంలో ఏడుపు లేదు, పరీక్ష రాయబోయే పిల్ల పంతం ఉంది.

"నిరూపిస్తే ఉంచుతారా?"

"ఏం నిరూపిస్తావు?"

"మీ జాడీ ఎండకు వేడెక్కుతోందని. పలకలు దాన్ని చల్లబరచలేదని."

ఒక్బున్ చేతులు కట్టుకుంది. నారే కిందికి పరిగెత్తి కెమెరా తెచ్చింది. అది ముఖాలు తీసే కెమెరా కాదు, వేడిని తీసేది. వేడి ఉన్నచోట ఎరుపు, చల్లగా ఉన్నచోట నీలం. చిన్న తెర మీద అందరికీ కనపడేలా పట్టుకుంది.

నేల ఎర్రగా వచ్చింది. పిల్లజాడీలు నారింజ రంగులో వచ్చాయి. నల్ల గౌనులో పిల్సున్ అన్నిటికన్నా ఎక్కువ మండుతూ వచ్చింది.

"చూశావా! కుళ్లుతో మండిపోతోందని ఎప్పుడూ అనేదానివి" అని దాల్సు ఒక్బున్‌తో అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి గిన్నెలోకి చూసుకున్నాడు.

పలకలు నీలంగా వచ్చాయి. నారే కెమెరాను మెల్లగా పెద్దజాడీ వైపు తిప్పింది.

నీలం.

పలకలంత కాకపోయినా, నీలమే. ఎర్రటి నేల మీద, నారింజ పిల్లల మధ్య, తల్లిజాడీ చలికాలంలో నిలబెట్టినట్టుంది.

నారే కెమెరా ముందుభాగం తుడిచింది. మళ్లీ పట్టింది. నీలమే. కెమెరా కింద పెట్టి జాడీ పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. వెంటనే లాగేసుకుంది. కాలితే లాగేసుకున్నట్టు. కాలలేదు, అదే భయం.

గోటితో గీకింది. సన్నటి పొర లేచింది. ఉల్లిపొరకన్నా పలచగా, అద్దంలా తేటగా. చూపుడువేలి కొసన ఎండలో తళతళమంది.

ఆ పొర ఆమెకు తెలుసు. తడిగా ఉన్నప్పుడు పాలలా ఉండి, ఆరితే గాజులా మారే పొర. ఇంకా పేరైనా పెట్టనిది. లోకంలో ఏ కొట్లోనూ దొరకనిది. అది ఆమె పూతే.

"ఏమిటది?" అంది పిల్సున్.

నారే పలకల వైపు చూసింది. ఆ చూపే జవాబైంది.

ఒక్బున్ దగ్గరికొచ్చి ఆ పొరను చూసింది. తర్వాత కోడలి ముఖం చూసింది. అరుస్తుందని అందరూ అనుకున్నారు. అరవలేదు.

"జాడీ మట్టిది. మట్టికి సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలోంచి ఊపిరి పీలుస్తుంది. అందుకే లోపలిది బతుకుతుంది." ఆవిడ ఆ పొరను వేలితో చూపించింది. "దాని ముక్కు మూసేశావు నువ్వు. నా జాడీ మీద పరీక్ష పెట్టావు."

"లేదత్తయ్యా! నేను పుయ్యలేదు!"

"మరి దానంతటదే పూసిందా? మామిడి పూతలాగ?"

నారే మొగుడి వైపు తిరిగింది. ఇంకెవరి వైపు తిరుగుతుంది?

ఇన్‌గ్యు ఆ పొరనే చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత, చాలా మెత్తగా అడిగాడు.

"నువ్వేనా?"

నారేకు వినపడింది కానీ అర్థం కాలేదు.

"అంటే... తప్పని కాదు. మట్టి మీద ఎలా పట్టుకుంటుందో కొంచెం చూద్దామని... ఒకవేళ..."

అత్త అరిచినా తట్టుకునేది. కెమెరా ఎదురు తిరిగినా తట్టుకుంది. ఆ ఒక్క మాటకు మాత్రం నారే ముఖంలో రక్తం చుక్క లేకుండా పోయింది. అతని వంకే చూస్తూ ఉండిపోయింది. అతను కళ్లు తిప్పుకున్నాడు.

నారే తన సామాను పెట్టెలోంచి స్క్రూడ్రైవర్ తీసింది. మొదటి పలక దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. మర తిప్పింది. తుప్పు పట్టిన మర కిర్రుమంది.

"అమ్మాయ్, ఆగు" అన్నాడు దాల్సు. గిన్నె కింద పెట్టాడు. ఆ మనిషి గిన్నె కింద పెట్టాడంటే విషయం చెయ్యి దాటిందన్నమాట.

నారే ఆగలేదు. ఒక మర ఊడింది. రెండోది మొదలైంది.

ఒక్బున్ అటు చూడలేకపోయింది. గెలిచానని అనిపించలేదేమో. చేతుల్లో ఏదో ఒక పని లేకపోతే ఆవిడ నిలబడలేదు. కుళాయి పక్కన బేసిన్‌లో పాలలాంటి నీళ్లున్నాయి. గుడ్డ ముంచింది, పిండింది. చనిపోయినవాళ్లకు ఒళ్లు తుడిచినట్టు, పెద్దజాడీ భుజాలు తుడవడం మొదలుపెట్టింది.

మర కిర్రుమనడం ఆగిపోయింది.

"అత్తయ్యా..." నారే గొంతు గొంతులా లేదు. "అవేం నీళ్లు?"

"ఏం నీళ్లేమిటి? బియ్యం కడిగిన నీళ్లు. పెద్దజాడీని వాటితోనే తుడుస్తాం కదా, మెరుపు రావడానికి."

"వంటింట్లోంచి మీరు తెచ్చుకున్నారా?"

ఒక్బున్ చిరాగ్గా వెనక్కి తిరిగింది. "తెచ్చిపెట్టేదానివి నువ్వే కదా! నన్నడుగుతావేం?"

"నేనా?"

"ఆదివారం ఆదివారం. ఎవరూ లేవకముందే పైకొస్తావు, నా జాడీల పక్కన బేసిన్ పెట్టి వెళ్లిపోతావు. నేను సోమవారం పొద్దున తుడుచుకుంటాను. నువ్వెప్పుడూ చెప్పలేదు, నేనెప్పుడూ అడగలేదు." ఆవిడ గుడ్డను చేతిలో నలిపింది. పొద్దుటి నుంచీ లేని మెత్తదనం ఆ గొంతులోకి వచ్చింది. అదే వినలేకుండా ఉంది. "ఇవాళ కోపంలో నోటికొచ్చింది అన్నాను గానీ, అది మాత్రం మరిచిపోలేదు. ఈ పిల్లకి మాట తీపి లేకపోయినా మనసుందనుకున్నాను. వృద్ధుల సంఘంలో అందరికీ చెప్పాను. 'మా కోడలు పెద్ద చదువు చదివింది, నోరు విప్పదు, కానీ నా జాడీకి కడుగునీళ్లు మోసుకొస్తుంది' అని."

"నాకూ చెప్పింది" అంది పిల్సున్. "ఫోన్ చేసినప్పుడల్లా అదే సోది."

నారే చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారి నేల మీద టంగుమంది.

కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలంటే ఎదురుగా ఉన్నది నిజం కుండే. చెప్పకపోతే పరీక్ష పెట్టిన నేరం తన మీదే ఉంటుంది, పలకలు దిగిపోతాయి. చెబితే...

"అత్తయ్యా, అవి బియ్యం నీళ్లు కావు. నా బ్రష్షులు కడిగిన నీళ్లు."

ఒక్బున్ విన్నది. విననట్టే నిలబడింది.

"ఏమిటి?" అన్నాడు దాల్సు.

నారే లేచి నిలబడింది. ఒకరికి కాదు, అందరికీ చెప్పింది. "ప్రతి ఆదివారం పలకల మీద ఒక కొత్త పట్టీ పూస్తాను, పాతవాటితో పోల్చి చూడ్డానికి. తర్వాత బ్రష్షులు ఆ బేసిన్‌లో కడుగుతాను. ఆ నీళ్లు కాలువలో పొయ్యకూడదు. అందుకని కుళాయి దగ్గర పెట్టి వెళ్తాను. చూడ్డానికి కడుగునీళ్లలాగే ఉంటాయి. ఆరితే పూతవుతాయి. వారం వారం దాంతోనే తుడిచారు. పొర మీద పొర పడింది. జాడీకి ఎండ ఎక్కలేదు, ఊపిరి ఆడలేదు." బేసిన్‌ను చూపించింది. "దాని మీద ఇవేం నీళ్లో రాసి పెట్టాల్సింది. పెట్టలేదు. అది నా తప్పే."

"మరి బేసిన్ ఖాళీ అయిపోతుంటే నీకు అనుమానం రాలేదా?" పిల్సున్ అడిగింది.

"సోమవారం సాయంత్రానికి శుభ్రంగా కడిగి బోర్లించి ఉండేది." నారే ఇన్‌గ్యు వైపు చూసింది. "మీరనుకున్నాను. మెట్ల కింద డబ్బాలో పొయ్యమని ఒకసారి చెప్పాను కదా. మీరే పోస్తున్నారనుకున్నాను. అడిగితే మానేస్తారేమోనని అడగలేదు."

ఇన్‌గ్యు నోరు తెరిచాడు.

"ఏ డబ్బా?" అన్నాడు.

నారే తల ఊపింది.

"కడిగి బోర్లించింది నేను" అంది ఒక్బున్ ఎక్కడో చూస్తూ. "ఎవరో ప్రేమగా తెచ్చిపెట్టినదాన్ని మురికిగా వదిలేస్తానా?"

"అయితే జాడీని పోగొట్టింది..." దాల్సు మొదలుపెట్టాడు. చెల్లెలు అతని మోచెయ్యి గట్టిగా గిల్లింది.

"నేనే." ఒక్బున్ తన కుడిచేతిని తిప్పి చూసుకుంది. ఎండలో వేళ్ల సందుల్లో తేటగా, సన్నగా, పొర మెరుస్తోంది. "ఎవరో కాదు. నా చేత్తో నేనే."

ఏడవడానికని ముస్తాబై వచ్చిన పిల్సున్‌కు, ఏడవాల్సిన వేళకు ఏడుపు రాలేదు.

ఒక్బున్ గుడ్డను బేసిన్ అంచు మీద ఆరేసింది. అలవాటుగా, ముడత లేకుండా.

"ఆ మరలు మళ్లీ బిగించుకో" అంది కోడలితో. "పలకలేం చేశాయి."

నారే కదల్లేదు. తను గెలవాలనుకున్నది చేతికొచ్చింది. చేతులు రాలేదు.

ఒక్బున్ మెట్ల దాకా వెళ్లింది. కమ్మీ పట్టుకుని ఆగింది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఒక్క ఆదివారమైనా..." మెట్ల మీదే చూపు నిలిపింది. "ఇన్నాళ్లూ కలిపి ఒక్కసారైనా, అవి బియ్యం నీళ్లేనా?"

పిల్సున్ కళ్లు పెద్దవి చేసి నారేకు సైగ చేసింది, అవునను, అవునను అని. ఇన్‌గ్యు కూడా తల పైకీ కిందికీ ఊపాడు. ఒక్క చిన్న అబద్ధం. తోడు పోయిన మనిషికి ఒక్క గరిటెడు తోడు.

నారే వాళ్లిద్దరి మీంచి చూపు తిప్పుకుంది.

"కాదత్తయ్యా."

"ఊఁ."

ఒక్బున్ మెట్లు దిగింది. ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, ఎవరి చెయ్యీ అందుకోకుండా.

పెద్దజాడీ మూత పక్కన నేల మీదే ఉంది. ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచి, జాడీకి మూత పెట్టకుండా ఆవిడ డాబా దిగడం అదే మొదటిసారి.

నలుగురూ ఆ మూత వంకే చూశారు. నారే ఒక అడుగు వేసింది. చెయ్యి చాచింది. ముట్టుకునే హక్కు తనకుందో లేదో తెలియక, చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది.